సోమవారం లెక్క

గ్రిమ్స్‌బీ రేవులో చేపల గిడ్డంగికి
పన్నెండేళ్ళుగా రాత్రి కాపలా నాది.
ఐసు యంత్రం గురక పెడుతుంటుంది.
సముద్రపు కొంగలు కూడా అరుపు మానుకునే వేళకి
నా ఫోన్‌లో ఎక్కడో తెల్లవారుతుంది.

ఎక్కడో అంటే
నొంతబురిలో, లాన్సెస్టన్‌లో,
పలకబోతే నాలుక తడబడే ఊళ్ళలో
మా పిల్లలు ఆడుతుంటారు.
మా పిల్లలంటే చుట్టాలేం కాదు.
పేరు పక్కన గోరంత జెండా ఉంటే చాలు.

పెద్దవాళ్ళ సంగతి అందరూ చూస్తారు.
ఆ రెండు వారాలూ
మా వీధిలో ప్రతివాడూ పండితుడే,
స్ట్రాబెర్రీలు అయిపోగానే పాండిత్యమూ అయిపోతుంది.
నావి నాలుగు వందల చుట్టూ తిరిగే పేర్లు.
భుజం కోయించుకుని మళ్ళీ ఒకటి నుంచి మొదలెట్టిన ఫెర్గస్ ఐన్స్‌లీ,
పదహారేళ్ళప్పుడు అందరూ ఆహా అన్న, ఇప్పుడెవరూ ఏమీ అనని
తామ్సిన్ అడెగోకె,
బ్లైత్ ఊరి మెరియల్ హెస్లప్.

సరుకు లెక్కల పొడుగు పుస్తకంలో
ప్రతి సోమవారం ర్యాంకులు దించుకుంటాను.
ఎక్కితే సిరా, దిగితే పెన్సిలు.
దిగినది చెరిపేసుకోవచ్చన్న ఆశ కాబోలు,
ఒక్కసారీ చెరపలేదు.

పచ్చి చేపకున్నట్టే పాయింటుకీ గడువుంటుంది.
ఎంత ఐసులో పెట్టు, ఏడాది దాటదు.
నిరుడు మార్చిలో గెలిచినది
ఈ మార్చిలో మళ్ళీ గెలవాలి,
ఉన్నచోటే ఉండటానికి.

సర్వీసు ఎవరిదో చెప్పే పచ్చ చుక్క
ఒక్కోసారి నలభై-ముప్పై దగ్గర ఆగిపోతుంది.
వాన పడిందా, మడమ మెలిపడిందా,
అంపైర్‌తో తగాదానా?
అంకెకి నోరు లేదు.
నేను టీ మగ్గు పట్టుకుని ఆ చుక్కకి కాపలా కాస్తాను,
గిడ్డంగిని దేవుడికి వదిలేసి.
పొద్దుటి షిఫ్టుకొచ్చిన డెంజిల్
కోటు విప్పకుండానే అడుగుతాడు:
"గెలిచారా నీ అనాథలు?"

ఫిబ్రవరిలో సెలవు పెట్టి
రెండు రైళ్ళు మారి ష్రూస్‌బరీ వెళ్ళాను.
రేకుల కప్పు కింద కోర్టు,
చూసేవాళ్ళం పదకొండుగురం,
అందులో ఒకావిడ అల్లిక మీంచి తలెత్తలేదు.
మెరియల్ వచ్చింది. బ్యాగు దించింది.
రాకెట్ తీసి
ఎడమచేత్తో పట్టుకుంది.

నాలుగేళ్ళు. రెండు వందల పదకొండు మ్యాచులు.
రెండో సర్వీసు మీద నూటికెన్ని గెలుస్తుందో
నిద్రలో లేపి అడిగినా చెప్తాను.
ఎడమచేతి వాటమని
ఏ అంకే నాకు చెప్పలేదు.

సర్వీసు ముందు బంతిని ఐదుసార్లు కొట్టి
ఆరోసారి కొట్టబోయి మానేస్తుందనీ,
పాయింటు పోతే బూటు వంక చూస్తుందనీ,
తప్పంతా దానిదే అన్నట్టు,
అదీ తెలియదు.
మూడో సెట్టు టైబ్రేక్‌లో పోయింది.
రెండుసార్లు మ్యాచ్ పాయింటు దాకా వచ్చి.

బయట బస్టాపులో నా పక్కనే నిలబడింది,
తనకంటే పెద్ద బ్యాగుతో, తడి జుట్టుతో.
"ఈ బస్సు స్టేషన్‌కి వెళ్తుందాండీ?"
"వెళ్తుంది. ఇంకో తొమ్మిది నిముషాలు."
నాలుగేళ్ళ మాటలు నా గొంతులో ఉంటే
బయటికొచ్చినవి ఇవి.
అరటిపండు ఒలుచుకుని తింటూ నిలబడింది,
తొక్క ఎక్కడ వెయ్యాలా అని అటూఇటూ చూసింది.
చెత్తబుట్ట చూపించాను.

సోమవారం.
మూడు వందల తొంభై ఏడు నుంచి నాలుగు వందల పద్దెనిమిది.
నిరుటి సెమీఫైనల్ గడువు తీరిపోయింది.
పెన్సిల్‌తో రాశాను.
మే నుంచి ఆగస్టు దాకా మాత్రం
ఆమెకి పోవడానికి పాయింట్లే లేవు,
నిరుడు ఆ నెలలన్నీ మణికట్టు కట్టులో ఉంది.
అంటే గెలిచిందల్లా లాభమే.
డెంజిల్‌కి ఇది రెండుసార్లు వివరించాను,
ఆవులించాడు.

తర్వాత అంచున, సిరాతో,
ఎడమ చేయి, అని రాసి గీత గీశాను.

నొంతబురిలో రేపు మొదటి రౌండు.
ఎండ ముప్పై ఎనిమిది డిగ్రీలట.
అవతలి పిల్ల ఏ చేత్తో ఆడుతుందో
తెలియదు.